తగ్గిన బరువు కోచ్‌ది, పెరిగిన బరువు సభ్యుడిది

ప్రాచీన శాస్త్రకారులు ఏ గ్రంథానికి పూనుకున్నా అనుబంధ చతుష్టయం అనే నాలుగు ప్రశ్నలకు ముందుగా సమాధానం చెప్పేవారు. ఆ శాస్త్రాన్ని చదవడానికి అర్హుడెవరన్నది అధికారి, అందులో చర్చించేదేమిటన్నది విషయం, ఆ చర్చకూ గ్రంథానికీ గల లంకె ఏమిటన్నది సంబంధం, చదివినందువల్ల ఒరిగేదేమిటన్నది ప్రయోజనం. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో అపార్టుమెంటు క్లబ్ హౌసులూ, పార్కులూ, తెల్లవారుజామున వెలిగే జూమ్ తెరలూ ఆశ్రమాలుగా ఒక నూతన శాస్త్రం వర్ధిల్లుతున్నా, దానికి ఇటువంటి పీఠికను ఎవరూ రాయకపోవడం విచారకరం. నలభై యాభై మందిని ఒక వాట్సాప్ గ్రూపులో చేర్చి, వారం వారం త్రాసు ఎక్కించి, ఒకే గడువులోపల అందరినీ సన్నబరుస్తామని హామీ ఇచ్చే ఈ విద్యను సామూహిక కృశీకరణ శాస్త్రం అని పిలవవచ్చు. వాడుకలో దీనికి వెయిట్ లాస్ చాలెంజ్ అని పేరు. పూర్వాచార్యుల పద్ధతిలో ఆ నాలుగు ప్రశ్నలనూ దీనికి వేసి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటిది అధికారి. తెలుగువారిలో బరువు తగ్గవలసినవారు తక్కువేమీ కారని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. 2019–21లో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ మహిళల్లో అధిక బరువో స్థూలకాయమో ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 36 శాతం, తెలంగాణలో సుమారు 30 శాతం కాగా, దేశం మొత్తం మీద ఆ సంఖ్య 24 శాతం. కనుక వ్యాధి నిజమైనది, దాని వెంట వచ్చే మధుమేహం, రక్తపోటు, మోకాళ్ళ నొప్పులూ నిజమైనవే. అయితే ఈ శాస్త్రంలో అర్హతను నిర్ణయించేది వ్యాధి తీవ్రత అనుకుంటే పొరపాటు. రుసుము చెల్లించగలగడం మొదటి అర్హత, స్మార్ట్‌ఫోన్ ఉండటం రెండవది, తన పొట్ట ఫోటోను ముందువైపు నుంచీ పక్కవైపు నుంచీ తీయించుకుని పదిమందికీ పంపడానికి సిగ్గుపడకపోవడం మూడవది. గుండె జబ్బు ఉందా, థైరాయిడ్ మాత్రలు వాడుతున్నారా, ఇన్సులిన్ తీసుకుంటున్నారా అన్న ప్రశ్నలు చాలా చోట్ల నాలుగవ అర్హత స్థాయికి కూడా నోచుకోవు.

అధికారులలోకెల్లా ఉత్తమాధికారి గృహిణి. ఆమె నాలుగున్నరకే లేచి, పిల్లల డబ్బాలకు కూరలు తరిగి, అయిదున్నరకు తెర ముందు నిలబడి, ఎగిరి దూకి, ఏడింటికి ఇంటిల్లిపాదికీ ఉప్మా చేసిపెట్టి, తాను మాత్రం గ్లాసుడు పొడి కలిపిన షేక్ తాగుతుంది. ఆ తరువాత ఆనాటి ఆహారపు ఫోటోను గ్రూపులో పెట్టి, అందులో కనిపించిన అప్పడం ముక్కకు కోచ్ చేత సుతిమెత్తగా చివాట్లు తింటుంది. రోజంతా ఆమె చేసే ఇంటి చాకిరీని ఈ శాస్త్రం వ్యాయామంగా పరిగణించదు, ఎందుకంటే దానికి సంగీతం ఉండదు, రుసుమూ ఉండదు. జొన్నరొట్టె, రాగిసంకటి, ఉలవచారు పుట్టిన గడ్డ మీద చియా గింజలు, అవకాడో, బాదం పాలు లేకుండా నడుము తగ్గదని ఆమెకు పాఠం చెప్పే చాకచక్యం మాత్రం మెచ్చుకోదగినది.

రెండవది విషయం. ఈ శాస్త్రం చర్చించే వస్తువు ఆరోగ్యం అని ప్రకటనలు చెబుతాయి కానీ, ఆచరణలో అది త్రాసు మీది అంకె మాత్రమే. ఆ అంకె ఎంత గడుసుదో తెలియజేసే ప్రసిద్ధమైన ఉదాహరణ ఒకటి 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో అచ్చయింది. పుణేకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ తమ ఫోటోలనే అక్కడ పక్కపక్కన ప్రచురించారు. ఇద్దరి బాడీ మాస్ ఇండెక్స్, అంటే కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే సూచిక, ఒక్కటే: 22.3. శరీరంలోని కొవ్వు మాత్రం యుడ్కిన్‌లో 9.1 శాతం, యాజ్ఞిక్‌లో 21.2 శాతం. సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు మోసే ఈ భారతీయ లక్షణం వల్లనే మన దేశపు వైద్యులు అధిక బరువు గీతను 25 నుంచి 23కు దించారు, నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటకూడదని హెచ్చరించారు. కండ ఎంత, కొవ్వు ఎంత, నీరు ఎంత అని విడదీసి చెప్పలేని త్రాసును న్యాయమూర్తిగా కూర్చోబెట్టిన శాస్త్రం ఇంతటి సూక్ష్మాన్ని పట్టించుకుంటుందని ఆశించడం అత్యాశ.

త్రాసు న్యాయమూర్తి కావడం వల్ల కోచ్‌కు కలిగే సౌలభ్యం మొదటి వారంలోనే బయటపడుతుంది. మానవ శరీరం కాలేయంలోనూ కండరాల్లోనూ గ్లైకోజెన్ అనే పిండి నిల్వను దాచుకుంటుంది. ఈ నిల్వ సుమారు అర కిలో ఉంటుంది, ప్రతి గ్రాముతోపాటు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. అన్నం, రొట్టె ఒక్కసారిగా మానేస్తే ఆ నిల్వ ఖర్చయి, దాన్ని అంటిపెట్టుకున్న నీరు మూత్రంలో పోతుంది. త్రాసు మీద కిలోన్నర, రెండు కిలోలు తగ్గినట్లు కనిపిస్తుంది, గ్రూపులో చప్పట్ల బొమ్మలు వర్షిస్తాయి. ఆదివారం చుట్టాలింట్లో పప్పూ అన్నం తినగానే ఆ నీరు తిరిగి వస్తుంది. పాలవాడు పాలల్లో నీళ్ళు కలిపి లాభం గడిస్తే, ఈ శాస్త్రం మనిషిలోంచి నీళ్ళు తీసి లాభం గడించింది; పాలవాడి విద్యకు జరిమానా ఉంది, దీనికి సర్టిఫికెట్ ఉంది.

బ్యానర్ల మీది హామీలను ఎక్కాలు వచ్చిన పిల్లవాడి చేతికి ఇచ్చినా విషయం తేలిపోతుంది. కిలో కొవ్వు కరగాలంటే తిన్నదానికంటే సుమారు 7,700 కిలో క్యాలరీలు అదనంగా ఖర్చు కావాలి, కిలో క్యాలరీ అంటే ఆహారంలోని శక్తిని కొలిచే ప్రమాణం. 21 రోజుల్లో పది కిలోల కొవ్వు కరగాలంటే మొత్తం 77,000, రోజుకు 3,667 కిలో క్యాలరీల లోటు ఏర్పడాలి. నగరంలో కూర్చుని పనిచేసే మనిషి రోజంతా ఖర్చు చేసేదే రెండు వేలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అందువల్ల ఆ మూడు వారాలూ మంచినీళ్ళు తప్ప మరేమీ ముట్టకుండా, దానికి తోడు రోజూ అయిదు గంటలకు పైగా వడివడిగా నడిస్తే తప్ప ఆ బ్యానర్ నిజం కాదు. అలా నడిచిన మనిషి చివరి రోజు బహుమతి అందుకోవడానికి వేదిక ఎక్కగలడా అన్నది వేరే శాస్త్రం తేల్చవలసిన విషయం.

ఇదే హైదరాబాదులోని తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో పుట్టి 1958లో ఈ నగరానికి తరలివచ్చిన ఆ సంస్థ భారతీయులకు ఆహార మార్గదర్శకాలను ప్రచురిస్తుంది. వారానికి అర కిలో చొప్పున తగ్గడం క్షేమమని, బరువు తగ్గించే ఆహారమైనా రోజుకు 1,000 కిలో క్యాలరీలకు తక్కువ కాకూడదని అందులో ఉంది. ఆ లెక్కన మూడు వారాలకు తగ్గేది కిలోన్నర. '21 రోజుల్లో కిలోన్నర తగ్గండి' అని కూడలిలో బ్యానర్ కట్టించే ధైర్యం ఏ కోచ్‌కూ ఉండదు, కట్టించినా ఆ కిలోన్నర కోసం వేల రూపాయలు ఇచ్చే సభ్యుడూ ఉండడు. నిజానికి గిరాకీ లేకపోవడం సంతలో కొత్త సంగతి కాదు.

ఇక 21 అన్న అంకె మహిమ. ఇరవయ్యొక్క రోజులు చేస్తే ఏదైనా అలవాటుగా మారుతుందన్నది ఈ శాస్త్రానికి మూలసూత్రం. దీని జాడ తీస్తే 1960లో వెలువడిన 'సైకో సైబర్నెటిక్స్' అనే పుస్తకం దగ్గర తేలుతుంది. దాన్ని రాసిన మాక్స్‌వెల్ మాల్ట్జ్ ప్లాస్టిక్ సర్జన్. శస్త్రచికిత్స తరువాత రోగులు తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతుందని ఆయన గమనించాడు. అద్దంలో కొత్త ముక్కును చూసుకోవడానికి పట్టే కనీస కాలం, కాలక్రమంలో జీవితాంతపు తిండి అలవాట్లు మారడానికి పట్టే గరిష్ఠ కాలంగా అవతారమెత్తింది. లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పరిశీలించి 2009లో వెలువరించిన అధ్యయనంలో ఒక కొత్త పని అలవాటుగా స్థిరపడటానికి మధ్యస్థంగా 66 రోజులు పడుతుందని, మనిషిని బట్టి, పనిని బట్టి ఇది 18 నుంచి 254 రోజుల దాకా మారుతుందని తేలింది. 254 రోజుల చాలెంజ్ అని పేరు పెడితే బ్యాచ్ నిండదు కనుక శాస్త్రం 21 దగ్గరే స్థిరపడింది.

మూడవది సంబంధం, అంటే కార్యక్రమానికీ తగ్గిన బరువుకూ గల లంకె. ఈ శాస్త్రంలోని అసలైన మేధస్సు అంతా ఇక్కడే ఉంది. ఇందులో రెండు ఖాతాలు నడుస్తాయి. తగ్గిన ప్రతి కిలో కోచ్ ఖాతాలో జమ అవుతుంది, బిఫోర్, ఆఫ్టర్ ఫోటోలుగా మారి మరుసటి బ్యాచ్ ప్రకటనలో కనిపిస్తుంది. తిరిగి పెరిగిన ప్రతి కిలో సభ్యుడి ఖాతాలో ఖర్చుగా పడుతుంది, 'మీకు డెడికేషన్ లేదు', 'మైండ్‌సెట్ మార్చుకోలేదు' అన్న తీర్పుగా మారి అతని మనసులో మిగులుతుంది. ఒకే మనిషి, ఒకే శరీరం, ఒకే త్రాసు అయినా ముల్లు కిందికి దిగితే కారణం గురువు, పైకి లేస్తే కారణం శిష్యుడు అనే ఈ సిద్ధాంతం ఏ గణాంకానికీ ఓడిపోదు, ఎందుకంటే ఓటమిని నమోదు చేసే గడి అందులో లేదు.

ఈ ఖాతాకు తోడ్పడే ఉపాంగం ఒకటుంది. గణాంక శాస్త్రవేత్తలు దాన్ని మిగిలినవారి పక్షపాతం అంటారు, చివరిదాకా నిలిచినవారిని మాత్రమే లెక్కించి, మధ్యలో తప్పుకున్నవారిని మరిచిపోవడం వల్ల పుట్టే భ్రమ అని దీని అర్థం. యాభై మందితో మొదలైన బ్యాచ్‌లో మోకాలు పట్టేసినవారు, పెళ్ళిళ్ళ సీజన్‌లో చిక్కుకున్నవారు, నీరసపడినవారు ఒక్కొక్కరే చడీచప్పుడు లేకుండా గ్రూపులోంచి జారుకుంటారు. ముగింపు సభలో వేదిక ముందున్న ఇరవై మంది సగటును ప్రకటించి, దాన్ని యాభై మంది విజయంగా చాటుతారు. ఆ ఇరవై మందిలో ఒకరిద్దరికి మెడలో పతకం పడి, మరుసటి నెలకు వారే కోచ్‌లు అవుతారు. ఆరు వారాల కింద శిష్యులుగా చేరినవారు గురువులుగా వెలువడే వేగంలో ఈ విద్యతో పోటీపడగల విశ్వవిద్యాలయం లేదు.

అందరూ చూస్తుండగా, గడువు పెట్టుకుని, పోటీపడి బరువు తగ్గితే ఏమవుతుందో తెలుసుకోవడానికి ప్రపంచానికి ఒక భారీ ప్రయోగం అందుబాటులో ఉంది. 2004లో అమెరికా ఎన్‌బీసీ చానల్‌లో మొదలైన 'ది బిగ్గెస్ట్ లూజర్' అనే పోటీ కార్యక్రమం ఆ ప్రయోగశాల. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల పరిశోధకుడు కెవిన్ హాల్, ఆయన సహచరులు అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తరువాత మళ్ళీ పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. 30 వారాల పోటీలో వారు సగటున 58 కిలోలు తగ్గారు, ఆరేళ్ళలో అందులో 41 కిలోలు తిరిగి వచ్చాయి. అంతకంటే చిత్రమైనది విశ్రాంతి జీవక్రియ సంగతి, అంటే కదలకుండా పడుకున్నా ప్రాణం నిలపడానికి శరీరం ఖర్చు చేసే శక్తి. అదే శరీర పరిమాణం గల వ్యక్తిలో ఉండవలసిన దానికంటే అది వారిలో రోజుకు సుమారు 500 కిలో క్యాలరీలు తక్కువగా ఉంది. కరువు వచ్చిందనుకుని శరీరం ఖర్చు తగ్గించుకుంది, ఆరేళ్ళయినా ఆ భయం వదులుకోలేదు. ఇంత జరిగాక కూడా తిరిగి పెరిగిన బరువును సోమరితనం అనగలగడానికి గట్టి గుండె కావాలి, కోచ్‌లకు అది వ్యాయామం వల్ల సమకూరుతుంది కాబోలు.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. గుంపుగా చేరడంలో బలం లేకపోలేదు. ఈ శాస్త్రానికి ఆది గురువు అనదగిన జీన్ నిడెచ్ న్యూయార్క్ నగరంలోని క్వీన్స్‌లో ఉండే సామాన్య గృహిణి. 97 కిలోల బరువుతో 1961లో నగరపు ఆరోగ్య శాఖ క్లినిక్‌లో చేరి, అక్కడ ఇచ్చిన ఆహార పట్టికను పాటిస్తూ, ఒంటరిగా నిలబడలేక స్నేహితురాళ్ళను ఇంటికి పిలిచి, చాటుగా తినే బిస్కెట్ల గురించి ఒకరికొకరు చెప్పుకునే కూటమిని నెలకొల్పింది. 1963లో అదే వెయిట్ వాచర్స్ కంపెనీ అయింది. ఆస్ట్రేలియా, జర్మనీ, బ్రిటన్‌లలో 772 మంది మీద జరిపి 2011లో లాన్సెట్‌లో ప్రచురించిన పరీక్షలో, ఆ కంపెనీ కూటములకు పంపిన వారు ఏడాదిలో సగటున 5 కిలోలు, మామూలు వైద్య సలహా పొందినవారు 2 కిలోలకు కాస్త పైగా తగ్గారు. లాభం నిజమైనదే, కానీ అది ఏడాదికి అయిదు కిలోలు. తెలుగు నగరాల బ్యానర్లకు అది మొదటి పది రోజుల లక్ష్యం.

నాలుగవది, చివరిది ప్రయోజనం, అంటే దీనివల్ల ఎవరికి ఏమి ఒరుగుతుందన్న ప్రశ్న. ఒక్కసారి వాడగానే శాశ్వతంగా పనిచేసే సరుకును అమ్మేవాడు త్వరలోనే దుకాణం మూసుకోవలసి వస్తుంది. తిరిగి పెరిగే బరువు ఈ వ్యాపారానికి లోపం కాదు, పెట్టుబడి. తగ్గినప్పుడు కృతజ్ఞతతోనూ, పెరిగినప్పుడు అపరాధ భావంతోనూ ఒకే సభ్యుడు మళ్ళీ మళ్ళీ వచ్చి చేరతాడు. అరవై ఏళ్ళు సంకల్ప బలాన్ని బోధించిన వెయిట్ వాచర్స్ 2023లో బరువు తగ్గించే ఇంజెక్షన్లను రాసిపెట్టే సంస్థను కొనుక్కుంది, 2025 మే నెలలో అప్పుల భారం తగ్గించుకోవడానికి దివాలా చట్టం నీడ చేరింది. సంకల్ప బలానికి ఆచార్య పీఠమే సూది మందును ఆశ్రయించాక, ఇక్కడి ఉపపీఠాలు ఇంకా 'మనసుంటే మార్గముంటుంది' అని పాఠం చెప్పడం గురుభక్తి లోపమే అవుతుంది.

కార్యక్రమం పక్కన పొడి డబ్బా కూడా ఉంటే ప్రయోజనం రెండింతలు. సభ్యుడు ముగ్గురిని చేర్చితే అతనికి కమీషన్, ఆ ముగ్గురూ తొమ్మిది మందిని చేర్చితే ఇంకొంత కమీషన్ అనే పద్ధతిలో నడుము కంటే వేగంగా జాబితా పెరుగుతుంది. ఈ తరహా వ్యాపారంలో పేరుమోసిన హెర్బాలైఫ్ సంస్థ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపణల నేపథ్యంలో 2016లో 20 కోట్ల డాలర్లు చెల్లించడానికీ, వ్యాపార పద్ధతిని మార్చుకోవడానికీ అంగీకరించింది. మన దేశంలోనూ 2021 నాటి డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు గొలుసుకట్టు పథకాలను నిషేధించాయి. స్థూలకాయాన్ని నయం చేస్తామని మందులకు ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి ఔషధాలు, మాంత్రిక చికిత్సల చట్టం ఎన్నడో నిషేధించింది, ఆ చట్టం జాబితాలో స్థూలకాయం పేరు స్పష్టంగా ఉంది. అందుకే పొడి డబ్బా మీద అది ఆహారమని, వైద్య అవసరాలకు కాదని చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంటుంది, డబ్బా చేతికిచ్చే కోచ్ నోట మాత్రం షుగరు, థైరాయిడ్, కీళ్ళవాతం అన్నీ పలుకుతాయి.

అసలు ప్రయోజనం ఎక్కడుందో చెప్పే అధ్యయనం తెలుగు నేలకు దగ్గరలోనే జరిగింది. మధుమేహానికి అంచున ఉన్న 531 మందిని తీసుకుని చెన్నైలో డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం నడిపిన భారత మధుమేహ నివారణ కార్యక్రమం ఫలితాలు 2006లో వెలువడ్డాయి. ఆహారంలో మార్పు, రోజూ నడక పాటించినవారిలో మధుమేహం సోకే ముప్పు 28.5 శాతం తగ్గింది. విశేషమేమిటంటే వారి బరువు చెప్పుకోదగినంతగా తగ్గలేదు. త్రాసు ఏమీ జరగలేదని చెప్పిన చోట రక్తం చాలా జరిగిందని చెప్పింది. ఆ 531 మందిని ఏదైనా అపార్టుమెంటు చాలెంజ్‌లో చేర్చి ఉంటే, ఒక్కరికీ పతకం దక్కేది కాదు, అందరికీ డెడికేషన్ లేదన్న తీర్పు మాత్రం దక్కేది.

కనుక నాలుగు ప్రశ్నలకూ తేలిన సమాధానాలు ఇవి: అధికారి డబ్బున్నవాడు, విషయం నీరు, సంబంధం ఏకపక్షం, ప్రయోజనం నిర్వాహకుడిది. పొరుగువారితో కలిసి నడవడంలో, ఎగరడంలో, నవ్వడంలో తప్పేమీ లేదు. ఆ సాంగత్యం వల్ల మనిషి రేపు కూడా నడకకు వస్తాడు, ఆరోగ్యానికి కావలసింది అదే. తప్పంతా ఆ సాంగత్యానికి గడువు పెట్టి, ధర కట్టి, త్రాసు ముందు పోటీగా మార్చడంలో ఉంది. చేరదలచిన పాఠకులు రుసుము చెల్లించే ముందు నిర్వాహకుణ్ణి మూడు ప్రశ్నలు అడగాలి: కిందటి ఏడాది ఇదే నెలలో చేరినవారు ఎందరు, అందులో చివరిదాకా ఉన్నవారు ఎందరు, వారి బరువు ఇవాళ ఎంత? ఈ మూడింటికీ కాగితం మీద జవాబు చూపించగల కార్యక్రమం దొరికితే నిస్సంకోచంగా చేరవచ్చు. దొరకకపోతే తార్నాక సంస్థ మార్గదర్శకాలు ఉచితంగా దొరుకుతాయి, పార్కు తెల్లవారకముందే తెరుస్తారు.